అక్షింతల పురుగు వీపు మీద



మాస్టారి పేరున ఏర్పాటైన ధర్మనిధి ఉపన్యాసం ఇది. ఆయన జీవిత విశేషాలు నాకంటే బాగా తెలిసినవాళ్లు ముందు వరసలోనే కూర్చున్నారు, కాబట్టి ఆ జోలికి పోను. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లందరికీ అబ్బిన అలవాటు ఒకటుంది. ఏ నమూనా తెచ్చినా, చీటీ మీద దాని పేరు రాయబోయే ముందు, దాని మీద ఇంకేమేం బతుకుతున్నాయో చూడమనేవారు. ఆకు తెస్తే ఆకు అడుగు భాగం, కొమ్మ తెస్తే బెరడు పగుళ్లు, పురుగు తెస్తే పురుగు వీపు. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ పురుగు వీపు గురించే. అక్షింతల పురుగుల ఒంటి మీద మొలిచి, అక్కడే పెరిగి, అక్కడే ముగిసిపోయే ఒక శిలీంధ్రం గురించి.

అక్షింతల పురుగు మనకు కొత్త కాదు. పత్తి చేలోనో, అలసంద పాదులోనో పేనుబంక పట్టిన కొమ్మ దగ్గర కాసేపు నిలబడితే చాలు, నారింజ రంగు డొప్పల మీద నల్ల చుక్కలతోనో వంకర గీతలతోనో ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది. వ్యవసాయ కరపత్రాల్లో మిత్రపురుగుల జాబితాలో దాని బొమ్మ తప్పకుండా ఉంటుంది. వంగ ఆకుల్ని గీకి తిని ఈనెలు మాత్రం మిగిల్చే ఎపిలాక్నానూ మన రైతులు అక్షింతల పురుగే అంటారు. అది శత్రువు, ఇది మిత్రుడు, కుటుంబం మాత్రం ఒకటే. ప్రపంచం మొత్తం మీద ఈ కుటుంబంలో సుమారు 6,000 జాతులున్నాయి. గుడ్డు, లార్వా, ప్యూపా, రెక్కల పురుగు అని నాలుగు దశలు. లార్వా కుబుసం విడుస్తూ పెరుగుతుంది. రెక్కలొచ్చాక మాత్రం ఇక కుబుసం విడవదు, చచ్చేదాకా అదే పెంకు. ఈ చివరి సంగతిని విద్యార్థులు కాస్త గుర్తుపెట్టుకోవాలి, దీంతో తర్వాత పని పడుతుంది.

పురుగులకు పట్టే బూజు అనగానే మనకు గుర్తొచ్చేది చంపే బూజు. ఇటలీలో అగస్తీనో బస్సీ పట్టుపురుగుల రోగం మీద ఏళ్ల తరబడి పనిచేసి, తెల్లగా గట్టిపడి చచ్చిపోయే ఆ పురుగుల్ని చంపుతున్నది ఒక సూక్ష్మజీవేనని 1835లో ప్రకటించాడు. ఒక జంతువుకొచ్చే రోగానికి సూక్ష్మజీవే కారణమని రుజువు కావడం అదే మొదలు. పాశ్చర్ పేరు లోకానికి తెలియడానికి చాలా ముందు మాట ఇది. ఆ శిలీంధ్రానికి బస్సీ పేరే పెట్టారు: బవేరియా బాసియానా. హిందూపురం, మదనపల్లె వైపు పట్టు రైతులు దేన్ని చూసి భయపడతారో, అదే బవేరియాను ఇవాళ పత్తి రైతు, కూరగాయల రైతు దుకాణంలో పొడిగా కొని పురుగు మీద కొడుతున్నారు. దాని పద్ధతి సూటిగా ఉంటుంది. సిద్ధబీజం పెంకు మీద పడి మొలకెత్తుతుంది, పెంకును కరిగించి లోపలికి చొరబడుతుంది, ఒళ్లంతా పోగులతో నింపి చంపుతుంది, ఆ శవం మీద తెల్లగా బయటికొచ్చి కొత్త సిద్ధబీజాల్ని గాలికి వదులుతుంది. మిత్రుడా శత్రువా అని చూడదు. చలి దేశాల్లో శీతాకాలమంతా ఆకుల కింద ముడుచుకుని పడుకునే అక్షింతల పురుగుల్లో చాలావాటిని పొట్టన పెట్టుకునేది ఈ బవేరియానే.

మనం చెప్పుకోబోయే శిలీంధ్రం దారి పూర్తిగా వేరు. దానికి శవంతో పనిలేదు. పురుగు చస్తే దాని బతుకూ ముగిసినట్టే. అందుకే పురుగు బతికి, తిరిగి, జతకట్టి, ఇంకో పురుగును తాకినంత కాలమే దీని కాలం.

దీన్ని దగ్గరగా చూద్దాం. సోకిన పురుగును లెన్సు కింద పెడితే, రెక్కల డొప్పల వెనక అంచున, నున్నటి ఎర్ర పెంకు మీద, లేత ఆకుపచ్చా పసుపూ కలిసిన రంగులో చిన్న చిన్న కాయలు కనిపిస్తాయి. పచ్చి అరటి గెలలోంచి ఒక చిన్న అత్తం విడదీసి అంటించినట్టు, అన్నీ ఒకే దిక్కుకు వంగి ఉంటాయి. ఒక్కొక్కటీ అర మిల్లీమీటరుకు అటూ ఇటూ. తెలియనివాళ్లు పుప్పొడి అంటుకుందనుకుంటారు. సూదితో కదిపితే రాలదు, ఎందుకంటే ప్రతి కాయకూ అడుగున నల్లటి పాదం ఒకటి ఉంటుంది. పెంకును పట్టుకుని ఉండేది ఆ పాదమే. దానిలోంచే ఒక సన్నని వేరులాంటి భాగం పెంకును దాటి లోపలికి దిగి పురుగు రక్తంలోంచి ఆహారం తీసుకుంటుంది. పాదం పైన కొద్ది కణాల కాడ. ఆ కాడ మీద, సిద్ధబీజాలు తయారయ్యే సంచి. పక్కన చిన్న కొమ్మ, ఆ కొమ్మ మీద పురుష బీజకణాల్ని పుట్టించే బుడ్డీలాంటి కణాలు. మొత్తం శిలీంధ్రం ఇంతే.

వృక్షశాస్త్రం చదివినవాళ్లకు ఇక్కడ ఆశ్చర్యం కలగాలి. రొట్టె మీద బూజైనా, పుట్టగొడుగైనా, బవేరియా అయినా శిలీంధ్రం అంటే పోగుల వల. ఎటు ఆహారముంటే అటు, ఎంత దొరికితే అంత పాకుతుంది. ఈ శిలీంధ్రానికి ఆ వల లేదు. రెండు కణాల సిద్ధబీజం ఒకటి పెంకుకు అతుక్కుంటుంది. కింది కణం కాడనూ సంచినీ ఇస్తుంది, పై కణం పక్క కొమ్మను ఇస్తుంది. ఏ కణం ఎప్పుడు, ఏ దిక్కున విడిపోవాలో ముందే నిర్ణయమై ఉంటుంది. ఆ లెక్క పూర్తవగానే పెరుగుదల ఆగిపోతుంది. ఒక సిద్ధబీజానికి ఒక కాయ. జంతువు పిండం పెరిగే తీరుకు దగ్గరగా ఉండే ఈ క్రమశిక్షణ శిలీంధ్రాల్లో చాలా అరుదు. పైగా అలైంగిక సిద్ధబీజాలు కూడా దీనికి లేవు. ప్రతి తరమూ లైంగిక ప్రత్యుత్పత్తి మీదే ఆధారం.

ఇలాంటి శిలీంధ్రాల వర్గం పేరు లాబుల్బేనియేల్స్. ఇప్పటికి 2,000కు పైగా జాతుల్ని వర్ణించారు. అత్యధిక భాగం పెంకుపురుగుల మీదే ఉంటాయి, మిగిలినవి ఈగలు, చీమలు, బొద్దింకలు, పురుగుల్ని పట్టే నల్లులు (మైట్స్), రోకలిబండల మీద. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో ఫ్రాన్స్‌లో కీటకాలు సేకరించే రూజే, లాబుల్బేన్ అనేవాళ్లు, బ్రాకినస్ అనే నేలపురుగుల ఒంటి మీద ఇవేవో మొలిచి ఉండటం గమనించారు. 1853లో మోంటాన్యే, రోబాన్ అనే శాస్త్రవేత్తలు వీటిని శిలీంధ్రంగా గుర్తించి లాబుల్బేన్ పేరున ఒక ప్రజాతిని నెలకొల్పారు. అయినా అందరూ ఒప్పుకోలేదు. పురుగు పెంకులోనే పుట్టిన వికారమని కొందరన్నారు. 1857లో కొలెనాటి గబ్బిలాల మీది ఈగల్లో దొరికిన ఇలాంటిదాన్నే చూసి, ఇది ముళ్ల తల పురుగు అని జంతువుల పద్దులో రాశాడు. కళ్లెదుట ఉన్నదాన్ని చూడటం వేరు, దాన్ని ఒక ప్రాణిగా ఎంచడం వేరు.

ఈ గందరగోళాన్ని తీర్చింది అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన రోలాండ్ థాక్స్టర్. 1858లో పుట్టి 1932లో పోయాడు. తల్లి సీలియా థాక్స్టర్ ఆ దేశంలో పేరున్న కవయిత్రి. కొడుకు జీవితంలో ముఖ్య భాగం కీటకాల ఒంటి మీది ఈ కాయలకే ఇచ్చాడు. 1896 నుంచి 1931 దాకా ఐదు సంపుటాలుగా వెలువడిన ఆయన గ్రంథం ఇవాళ్టికీ ఈ రంగంలో పనిచేసేవాళ్ల బల్ల మీద ఉంటుంది. పన్నెండు వందలకు పైగా జాతుల్ని వర్ణించాడు, బొమ్మలు తానే గీశాడు. అక్షింతల పురుగుల మీది శిలీంధ్రానికి హెస్పెరోమైసిస్ వైరెసెన్స్ అని పేరు పెట్టింది కూడా ఆయనే, 1891లో, కాలిఫోర్నియాలో కైలోకోరస్ అనే నల్ల అక్షింతల పురుగు మీద దొరికిన నమూనా చూసి.

ఇది ఒక పురుగు నుంచి ఇంకో పురుగుకు ఎలా వెళుతుంది? బవేరియాకు గాలి ఉంది, మట్టి ఉంది, వర్షం ఉంది. దీనికున్నది స్పర్శ ఒక్కటే. సంచి కొసలోంచి బయటికొచ్చే సిద్ధబీజాలు జిగురుగా, చాలాసార్లు జంటగా వస్తాయి. ఇంకో పురుగు తగిలితే అతుక్కుంటాయి, లేకపోతే లేదు. అందుకే పురుగు ఒంటి మీద కాయలు ఎక్కడున్నాయో చూస్తే ఆ పురుగు ఎవరిని ఎలా తాకిందో తెలిసిపోతుంది. ఆడపురుగులకు సాధారణంగా వీపు మీద, డొప్పల వెనక భాగాన ఉంటాయి. మగవాటికి పొట్ట కింద, కాళ్ల దగ్గర ఉంటాయి. జతకట్టేటప్పుడు మగది ఆడదాని వీపెక్కుతుంది కదా, రెండు ఒళ్లూ తగిలే చోట్లు సరిగ్గా అవే. చలికాలంలో గుంపులుగా ఒకదాని మీద ఒకటి పడుకునే జాతుల్లో ఈ తేడా చెదిరిపోతుంది. తల, రొమ్ము, పక్కలు అన్న తేడా లేకుండా ఎక్కడపడితే అక్కడ మొలుస్తాయి. అమెరికాలో నార్త్ కరోలినాలో నలేపా, వియర్ 2007లో ప్రచురించిన పరిశోధన ఈ రెండు దారుల్నీ, జతకట్టడాన్నీ గుంపు నిద్రనూ, పక్కపక్కన పెట్టి పరిశీలించింది.

కుబుసం సంగతి గుర్తుపెట్టుకోమన్నాను. లార్వా మీద ఈ శిలీంధ్రం నిలవలేదు, కుబుసంతో పాటు ఊడిపోతుంది. కాబట్టి ఇది రెక్కల పురుగు నుంచి రెక్కల పురుగుకే పోవాలి. పాత తరం పూర్తిగా చచ్చాక కొత్త తరం రెక్కలు తొడిగితే, మధ్యలో ఇది అంతరించిపోవాలి. తల్లుల తరం ఇంకా బతికుండగా పిల్లలు రెక్కలు తొడిగి వాటితో కలిస్తేనే దీనికి వంతెన దొరుకుతుంది. లండన్‌లో రెండు చుక్కల అక్షింతల పురుగు, అడాలియా మీద వెల్చ్, స్లోగెట్, వెబర్లీ, హర్స్ట్ 2001లో ప్రచురించిన పరిశోధన ఇక్కడ ఉపయోగపడుతుంది. నగరం నడిబొడ్డున సోకిన పురుగులు ఎక్కువగా దొరికాయి. నగరం దాటి బయటికి వెళ్లేకొద్దీ తగ్గుతూ వచ్చాయి. పురుగు అదే, శిలీంధ్రం అదే, దూరం కొద్ది మైళ్లే. మారింది పురుగుల జీవన పరిస్థితి. నగరపు చెట్ల మీద అవి ఎప్పుడు పుడుతున్నాయి, ఎన్నాళ్లు బతుకుతున్నాయి, ఎన్నిసార్లు కలుస్తున్నాయి అన్నదాన్నిబట్టి శిలీంధ్రం ఉండటమో పోవడమో జరుగుతోంది. పురుగుల సంసారం లెక్కలు పరిశోధకుడు చేలో కూర్చుని రాసుకోవడం కష్టం. ఆ లెక్క పురుగు ఒంటి మీదే మొలిచి కనిపిస్తోంది.

ఇప్పుడు ఒక పెద్ద ప్రయాణం గురించి చెప్పాలి. హార్మోనియా ఆక్సిరిడిస్ తూర్పు ఆసియా పురుగు. చైనా, జపాన్, కొరియా, సైబీరియా దాని స్వస్థలాలు. పేనుబంకను విపరీతంగా తింటుందని అమెరికావాళ్లు 1916లో కాలిఫోర్నియాలో వదిలారు. నిలవలేదు. మళ్లీ మళ్లీ వదిలారు. 1988లో లూసియానాలో అది సొంతంగా స్థిరపడినట్టు తేలింది. యూరప్‌లో 1982లో ఫ్రాన్స్ తెప్పించుకుంది, తర్వాత కంపెనీలు పెంచి అమ్మాయి. 2004లో ఇంగ్లండ్‌లో ఎసెక్స్ చేరింది. దక్షిణ అమెరికా, దక్షిణాఫ్రికా కూడా చేరింది. పేనుబంకతో సరిపెట్టుకోకుండా అక్కడి అక్షింతల పురుగుల గుడ్లనూ లార్వాలనూ తిన్నది. చలికాలంలో వేలకొద్దీ ఇళ్ల గోడల్లో దూరి, తాకితే పసుపుపచ్చ కంపు ద్రవం వదిలి జనాన్ని విసిగించింది. ద్రాక్ష గుత్తులతో పాటు నలిగి వైన్ రుచిని చెడగొట్టింది. మిత్రపురుగని తెచ్చుకున్నది ఇరవయ్యేళ్లలో ఆక్రమణదారుల జాబితాకెక్కింది.

దీని బలం వెనక కూడా శిలీంధ్రాల కథ ఉంది. ఇంగ్లండ్‌లో హెలెన్ రాయ్ బృందం బవేరియాను రకరకాల అక్షింతల పురుగుల మీద పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించింది. స్థానిక జాతులు సులువుగా లొంగిపోయాయి, హార్మోనియా చాలావరకు తట్టుకుంది. 2013లో జర్మనీ శాస్త్రవేత్త విల్సిన్‌స్కాస్ బృందం ఇంకో సంగతి బయటపెట్టింది. హార్మోనియా రక్తంలో మైక్రోస్పోరిడియా అనే, శిలీంధ్రాలకు దగ్గరి చుట్టాలైన పరాన్నజీవులు గుంపులుగా ఉంటాయి. దానికేమీ కావడం లేదు. కానీ వాటిని ఏడు చుక్కల అక్షింతల పురుగు ఒంట్లోకి ఎక్కిస్తే అది చచ్చిపోయింది. వలస వచ్చిన పురుగు తన పరాన్నజీవుల్ని ఒంట్లో పెట్టుకునే వచ్చిందన్నమాట.

మరి ఒంటి మీదున్న హెస్పెరోమైసిస్ సంగతేమిటి? హార్మోనియా మీద అది మొదట కనిపించింది అమెరికాలో ఒహాయోలో, 2002లో పట్టిన పురుగుల మీద. 2006లో బెల్జియంలో కనిపించింది. ఆ తర్వాత హార్మోనియా చేరిన దేశాల్లో ఒకదాని తర్వాత ఒకటిగా కనిపిస్తూ వచ్చింది. మొదట్లో అందరి ఆలోచనా ఒకే దారిలో నడిచింది. థాక్స్టర్ చెప్పిన వైరెసెన్స్ అన్ని అక్షింతల పురుగుల మీదా బతికే ఒకే జాతి కాబట్టి, కొత్తగా వచ్చిన పురుగుకు స్థానిక పురుగుల నుంచి ఇది అంటుకుని ఉంటుందనుకున్నారు. కానీ ప్రయోగశాలలో ఒక జాతి పురుగు నుంచి ఇంకో జాతి పురుగుకు అంటించి చూస్తే, అమెరికాలో పనిచేసిన కాట్రెల్, రిడిక్‌లకు అది చాలా తక్కువగానే అంటుకుంది. 2018లో బెల్జియం పరిశోధకుడు డానీ హాలేవాటర్స్, సహచరులతో కలిసి డీఎన్‌ఏనూ, శరీర కొలతలనూ, ఏ పురుగు మీద దొరికిందన్న సమాచారాన్నీ కలిపి చూశాడు. ఒకే పేరు కింద ఎన్నో జాతులు దాక్కున్నాయని తేలింది. ఏ పురుగుకు దాని శిలీంధ్రం దానిదే. 2022లో హార్మోనియా మీది శిలీంధ్రానికి హెస్పెరోమైసిస్ హార్మోనియే అని విడిగా పేరొచ్చింది. నూటపాతికేళ్లకు పైగా ఒక్క పేరుతో నడిచిన లెక్క ఇలా మారింది. దీనితో ప్రశ్న కూడా మారింది. ఎవరి నుంచి అంటుకుంది అని అడగాల్సిన చోట, ఈ పురుగుతో కలిసి ఎక్కడి నుంచి, ఏ దారిన ప్రయాణం చేసింది అని అడగాల్సి వచ్చింది.

ఇది పురుగుకు హాని చేస్తుందా అని విద్యార్థులు తప్పక అడుగుతారు. కొద్దిగా ఉంటే పురుగు మామూలుగానే తిరుగుతుంది. కళ్ల మీద, మీసాల మీద, నోటి భాగాల మీద దట్టంగా మొలిస్తే తిండి వెతుక్కోవడానికి, జతను వెతుక్కోవడానికి అడ్డమవుతుంది. ఇజ్రాయెల్‌లో నిమ్మజాతి తోటల్లో పొలుసు పురుగుల్ని తినే కైలోకోరస్ మీద ఇది బాగా పెరిగినప్పుడు పురుగులు ముందుగానే చనిపోవడాన్ని 1967లో కంబురోవ్, నాదెల్, కెన్నెత్ నమోదు చేశారు. అంటే ఒకే రకం పరాన్నజీవి ఒకచోట పెద్దగా లెక్కలోకి రాదు, ఇంకోచోట తోటమాలి మిత్రుణ్ని దెబ్బతీస్తుంది. అయితే దీన్నే హార్మోనియా మీదికి ఆయుధంగా వదలొచ్చు కదా అని కూడా అడుగుతారు. బవేరియాను ఉడికించిన బియ్యం మీద పెంచి పొట్లాల్లో నింపినట్టు దీన్ని పెంచడం కుదరదు. బతికున్న పురుగు ఒళ్లే దీనికి మడి. పైగా ఇది చంపి జనాభాను తగ్గించే రకం కాదు. ఒక పొరపాటును దిద్దడానికి ఇంకో ప్రాణిని హడావిడిగా పంపడం ఎక్కడికి దారితీస్తుందో హార్మోనియా చరిత్రే చెబుతోంది.

ఈ కథ మనకెందుకు? మనమూ అక్షింతల పురుగుల్ని తెచ్చుకున్నవాళ్లమే. ఆస్ట్రేలియా పురుగు క్రిప్టోలీమస్‌ను 1898లోనే దక్షిణ భారత కాఫీ తోటల కోసం తెచ్చారు. ఇవాళ ద్రాక్ష తోటల్లో పిండినల్లి మీద వదిలే పురుగు అదే. ప్రయోగశాలలో గుమ్మడికాయల మీద పిండినల్లిని పెంచి, దాని మీద ఈ పురుగుల్ని పెంచి, డబ్బాల్లో రైతులకిస్తారు. మంచి పనే. అయితే వేలకొద్దీ పెద్ద పురుగుల్ని ఒకే గదిలో, అన్ని తరాల్నీ కలిపి పెంచడం అంటే స్పర్శతో అంటుకునే దేనికైనా అంతకన్నా అనువైన చోటు ఉండదు. ఇలాంటి చోట గుడ్లెన్ని, పురుగులెన్ని అని లెక్కపెట్టుకోవడంతో పాటు వాటి వీపుల్నీ పొట్టల్నీ లెన్సు కింద చూడటం కూడా పనిలో భాగం కావాలి. బవేరియా కొట్టే రైతుకు కూడా ఇదే వర్తిస్తుంది. పేనుబంక మీద కొట్టే మందు, ఆ పేనుబంకను తింటున్న అక్షింతల పురుగు మీద కూడా పడుతుంది. చేలో మిత్రపురుగులు బాగా ఉన్నప్పుడు మందు కొట్టాలా వద్దా అన్నది ముందుగా చూసుకోవాల్సిన లెక్క.

విద్యార్థులకు ఒక మాట చెప్పి ముగిస్తాను. ఈ రంగంలో పనికి ఖరీదైన పరికరాలు మొదట్లో అక్కర్లేదు. 2020లో కోపెన్‌హాగన్‌లో జీవశాస్త్రవేత్త రెబోలెయిరా, ట్విట్టర్‌లో ఎవరో పెట్టిన అమెరికా రోకలిబండ ఫొటో చూస్తూ దాని ఒంటి మీద తెల్లని చుక్కలు గమనించారు. మ్యూజియంలో దాచిన నమూనాలు తీసి చూస్తే అది శాస్త్రానికి తెలియని లాబుల్బేనియేల్స్ జాతి. ట్రోగ్లోమైసిస్ ట్విట్టెరి అని పేరు పెట్టారు. మీ ఫోన్లలో అక్షింతల పురుగుల ఫొటోలు ఇప్పటికే ఎన్నో ఉంటాయి. తీసేటప్పుడు అందరం చుక్కలు స్పష్టంగా రావాలని చూస్తాం. ఇకమీదట డొప్పల వెనక అంచును కూడా దగ్గరగా తీయండి. పొట్ట వైపు ఇంకో ఫొటో తీయండి. ఏ పైరు మీద, ఏ నెలలో, ఏ ఊళ్లో అన్నది పక్కన రాయండి. కళాశాల కీటకాల పెట్టెల్లో సూదికి గుచ్చి దాచిన పాత నమూనాల్ని కూడా ఒకసారి లెన్సు కింద పెట్టండి. చనిపోయిన పురుగు మీద కూడా ఈ కాయలు ఎండి అలాగే నిలిచి ఉంటాయి. కాబట్టి ఎవరో ఎప్పుడో సేకరించిన పెట్టె కూడా మీకు పరిశోధనా క్షేత్రమే.

ఏ జీవినైనా మనం తెచ్చుకున్నా, పంపినా, కాపాడినా, చంపినా, దాన్ని ఒక్కదాన్నే చేయలేం. దానితో బతికేవన్నీ ఆ పనిలో భాగమవుతాయి. హార్మోనియాను ఓడల్లో, డబ్బాల్లో ప్రపంచమంతా పంపినవాళ్లు ఎన్ని పేనుబంకల్ని తింటుందో లెక్కగట్టారు, దాని రక్తంలో ఏముందో, దాని ఒంటిని ఏం అంటిపెట్టుకుందో అడగలేదు. ఇకముందు ఏ మిత్రపురుగునైనా ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పంపేటప్పుడు ఆ ప్రశ్న అడిగే బాధ్యత ఇక్కడ కూర్చున్న మీ మీద పడుతుంది. మాస్టారు నేర్పిన అలవాటు ఆ బాధ్యతకు సరిపోతుందని నా నమ్మకం.